తూకమునకందని సొమ్ములు

*బంగారపు బజారు ప్రక్కనే బంగారము కాని నగల కథ*

ఎర్రగుంట్లలో ఒక పాఠశాల వార్షికోత్సవపు సాయంకాలము. వేదిక వెనుక, పరదాకును ప్రహరీగోడకును నడుమ మిగిలిన ఇరుకు చోటున, పది పదునొకండేండ్ల బాలిక యొకతె ప్లాస్టిక్ కుర్చీమీద నిటారుగా కూర్చుండి, తల్లి పట్టుకొన్న చేతి అద్దములోనికి రెప్ప వేయక చూచుచున్నది. తల్లి పెదవుల నడుమ నాలుగు పిన్నీసులు. ఒడిలో తెరచియున్న రేకుపెట్టె. పెట్టెలో దూది పరచి దానిమీద పేర్చిన ఎఱ్ఱరాళ్ల సొమ్ములు. ప్రొద్దుటూరినుండి వచ్చిన మేకప్ మనిషి పాపిట నడుమ బిళ్లను నిలిపి, దాని దారమును తల వెనుకకు లాగి ముడివేయుచు, "పాపా, రోంతసేపు మెడ తిప్పాకు" అని హెచ్చరించెను. బాలిక మెడ తిప్పలేదు గాని నోరు మాత్రము ఊరకుండలేదు.

"మామా, ఇవి బంగారువేనా?"

"బంగారువైతే నువ్వెట్ల ఎగురుతావు తల్లీ? మెడ నిలబడ్తాదా?" అని నవ్వి, అతడు రెండవ ముడి బిగించెను.

బంగారమునుగూర్చి ప్రశ్నలడుగుట ఈ సీమలో నేడు పిల్లలకు మాత్రమే పరిమితమైనది కాదు. 2025 ఏప్రిల్ నెలలో పది గ్రాముల మేలిమి బంగారము లక్ష రూపాయలు దాటినది మొదలు, ఎర్రగుంట్ల రైల్వేస్టేషను ముందరి టీ అంగడిలోనైనను, జమ్మలమడుగు బస్సులోనైనను, పులివెందుల అరటితోటల గట్లమీదనైనను, మాట ఎక్కడ మొదలైనను తుదకు బంగారము దగ్గఱకే చేరుచున్నది. రెండవ బొంబాయి యని పేరు పడ్డ ప్రొద్దుటూరు ఇంత చేరువలో నుండగా అట్లు కాకుండుటయే వింత. కూతురి పెండ్లికి ఎన్ని తులములు పెట్టవలయునని తండ్రులు వ్రేళ్లు మడచి లెక్కించుకొనుచున్న ఈ కాలమున, త్రాసులో వేసిన గిట్టుబాటు కాని, కుదువ పెట్టుటకు పనికిరాని, అయినను దీపముల వెలుతురులో వందలమందికి బంగారమై కనబడు ఈ రేకుపెట్టె సొమ్ముల సంగతి కొంచెము నిదానముగ విచారింపదగినది.

బరువు వలదన్న భరతుడు

భరతుని నాట్యశాస్త్రము ఆహార్యాభినయమును, అనగా వేషభూషలతో చేయు అభినయమును, పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగు విధములుగా చెప్పి, అలంకారములోని భూషణములను ధరించు తీరునుబట్టి మరల నాలుగు తెగలు చేసినది. చెవిని కుట్టి తగిలించునది ఆవేధ్యము. నడుమునకో భుజమునకో బిగించి కట్టునది బంధనీయము. అందెవలె కాలికి తొడుగునది ప్రక్షేప్యము. హారమువలె మెడనుండి వ్రేలవేయునది ఆరోప్యము. ఈ విభజన చదివినపుడెల్ల, ఇది రాజుగారి ధనాగారమును లెక్కించినవాని వ్రాత గాదనియు, నటిని రంగమునకు పంపుటకు ముందు తన చేతులతో కట్టి, లాగి, ఊడునో ఊడదో పరీక్షించినవాని వ్రాత యనియు నాకు తోచును. ఏ నగ ఎంత వెల చేయునన్న చింత అక్కడ లేదు; ఏ నగ ఒంటిని ఎట్లు పట్టుకొనియుండునన్నదే చింత.

అంతకంటెను గట్టి మాట మరియొకటి ఆ శాస్త్రములో కలదు. నటులకు బరువైన నగలు పెట్టరాదు. బరువు మోసినవారికి ఆయాసము కలుగును, చెమట పట్టును, మూర్ఛ కూడ రావచ్చును. కనుక అచ్చమైన బంగారమును మాని, లక్క నింపిన పలుచని నగలతో పని జరుపుకొనవలయునని భరతుని మతము. ఎర్రగుంట్ల వేదిక వెనుక మేకప్ మనిషి ఆ శాస్త్రమును చదివియుండడు. చదువకుండగనే దాని సారమును ఒక్క వాక్యములో చెప్పివేసినాడు.

ప్రొద్దుటూరు బంగారమునకే గాక, నాట్యమెఱిగిన కవికి కూడ నెలవైన పట్టణము. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యమున పెనుగొండలో నాట్యము నేర్చి, పిదప ప్రొద్దుటూరిలో ఉపాధ్యాయుడై యుండి, ఆ యూరి అగస్త్యేశ్వరాలయమున 'శివతాండవము'ను వెలయించెనని ప్రసిద్ధి. నర్తించు శివునికి సొమ్ములన్న పాములు, నెలవంక, పునుకల పేరు. ఏ అంగడిలోను తూకమునకు దొరకనివి. కాళ్లతో తాళమును తొక్కి చూచినవాడు గనుకనే, ఒంటిమీదిది ఒంటితోపాటు ఆడవలయునన్న ఎఱుక ఆ కవికి పుస్తకములవలన గాక పాదములవలననే కలిగియుండును.

నగ వెనుకవైపు

నాట్యపు నగను కొనదలచినవారు మొదట దానిని త్రిప్పి వెనుకవైపు చూడవలయును. ఆ సాయంకాలపు పెట్టెలోని సూర్యబిళ్లనే తీసికొందము. ముందువైపున తామరరేకుల తీరున ఎఱ్ఱరాళ్లు, నడుమ ఒక పచ్చరాయి, అంచున సన్నని ముత్యముల వరుస. ఒక రాయి ఎప్పుడో రాలిపోగా ఆ గుంటలో ఎఱ్ఱని గోళ్లరంగు చుక్క పెట్టి సరిపుచ్చినారు. త్రిప్పిచూచిన, ఇత్తడిరేకునకు అతికిన మూడు చిన్న వలయములు, వానిలో నల్లని నూలుదారము, ఏండ్లతరబడి చెమట తగిలి కమిలిన అంచు, ఆ అంచుమీద జిగురుతో అంటించిన మఖమలు గుడ్డముక్క. ఆ గుడ్డ సొగసునకు గాదు. రేకు అంచు చర్మమును గీరకుండుటకు. ఈ వెనుకవైపు ప్రేక్షకుడెన్నడును చూడడు. కాని నగ మంచిదో చెడ్డదో నిర్ణయించునది ఇదియే.

పెండ్లికూతురి నగకు కొక్కెమొక్కటి చాలును, ఏలయనగా ఆమె కూర్చుండును. నర్తకి నగకు అది చాలదు. వడ్డాణమును నడుమునకు పెట్టి కొక్కెము తగిలించిన తరువాత ఇరుప్రక్కల దుస్తులకు పిన్నీసులు గ్రుచ్చుదురు. ఊపిరితో నడుము పెరుగుచు తగ్గుచు నుండును గనుక, మరీ బిగించిన ఊపిరి అందదు, మరీ వదలిన వడ్డాణము త్రిప్పుతిరిగి బిళ్ల వీపునకు వచ్చును. జడబిళ్లలను సవరమునకు సూదిదారముతో కుట్టుదురు. హారము కొసను రవికకు తగిలింతురు. లేనిచో ఒక్క గంతునకు అది ఎగసి పంటికి కొట్టుకొనును. ఇంత చేసినను రాయి రాలకపోదు; వట్టికాళ్లతో ఆడువారి అరికాలికి వేదికమీద రాలిన గాజురాయి గ్రుచ్చుకొన్నచో, చిరునవ్వు చెదరకుండ ఆ కీర్తన ముగించుట ఎట్టి పరీక్షయో అనుభవించినవారికే తెలియును.

> తల మొదలు నడుము దాక
>
> పాపిట వెంట నుదుటి మీదికి వ్రేలునది పాపిడిబిళ్ల. దాని కిరువైపుల కుడిప్రక్క సూర్యుడు, ఎడమప్రక్క చంద్రుడు. తల వెనుక జడ మొదట గుండ్రని రాగిడి; దాని దిగువ నాగరము, జడబిళ్లలు; జడ కొసన మూడు కుప్పెలు. చెవికి కమ్మ, దాని క్రింద జుంకీ, కమ్మనుండి జుట్టునకు ఎగబ్రాకు మాటీ. ముక్కునకు ముక్కర, నత్తు, బులాకీ. మెడకు అంటియుండునది అడ్డిగ, రొమ్ముమీదికి దిగునది కాసులపేరు లేదా మామిడిపిందెల హారము. భుజమునకు వంకీ, నడుమునకు వడ్డాణము. రాయలసీమ ఇండ్లలో అమ్మమ్మలకు ఈ పేర్లన్నియు నోటికి వచ్చును. మనుమరాండ్రు నాట్యము నేర్చుకొన్నచో మాత్రమే వారికి మరల అలవాటగుచున్నవి.

వేషమే సాక్ష్యమైన వేళ

వేషధారణ వినోదమునకే అనుకొనువారు మాచుపల్లె కైఫీయత్తును చదువవలయును. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రలలో నొకటియైన ఈ వ్రాత కడప సీమలోనిదే. విజయనగరపు వీరనరసింహరాయల కాలమున, అనగా 16వ శతాబ్ది ఆరంభమున, సిద్ధవటము ప్రాంతము నేలుచున్న సమ్మెట గురవరాజు ధనము రాబట్టుటకు స్త్రీలను సయితము హింసించుచుండెనట. ఊరూర ఆడుకొనుచు అటు వచ్చిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును కన్నులార చూచి, విజయనగరమునకు పోయి, రాయల యెదుట ప్రదర్శనము వేసిరి. ఒకడు గురవరాజు వేషము కట్టెను. మరియొకడు వాని భటుడయ్యెను. ఇంకొకడు చీర కట్టి, హింసకు లోనైన ఇల్లాలుగ నిలిచెను. రాయలు విషయము విచారించి, సేనను పంపి, గురవరాజును పట్టించి శిక్షించెను. కూచిపూడి వారి నాట్యమును తెలుపు తొలి ఆధారములలో ఒకటిగ పండితులు దీనిని పేర్కొనుచుందురు.

ఆ రాత్రి ఆ పురుషుడు ధరించిన చీర ఎట్టిదో, మెడలో ఏ పూసలుండెనో కైఫీయత్తు చెప్పదు. వెలగలిగినవి మాత్రము కాజాలవు. ఊరూర తిరుగు మేళము తన సామానును తానే మోసికొనవలయును గదా. అయినను నోటితో విన్నవించిన ఎవరి చెవికెక్కునో తెలియని మొఱను, ఆ చవుక గుడ్డలును ఆ చవుక పూసలును రాయల కన్నులకు కట్టినవి.

రంధ్రములే రత్నములు

పులివెందుల ప్రాంతమున చక్రాయపేట మండలములో సురభి అను చిన్న గ్రామము కలదు. 1885లో ఆ యూర ఒక పెండ్లి సందర్భమున 'కీచకవధ' ఆడిన వనారస గోవిందరావు బృందమే, తరువాత ఆ యూరి పేరుతో తెలుగునాట నెల్లెడల డేరాలు వేసిన సురభి నాటక సమాజము. స్త్రీపాత్రలను స్త్రీలచేతనే వేయించిన తొలి తెలుగు బృందములలో అది యొకటి. నాటకమునకు రాకముందు వారి కులవృత్తి తోలుబొమ్మలాట.

తోలుబొమ్మల నగలను నేనెన్నడు చూచినను ఆశ్చర్యపడకుండ ఉండలేను. పలుచగ తీసిన మేకతోలుమీద సీతకు హారము, వడ్డాణము, జడబిళ్లలు కావలసివచ్చినపుడు, బొమ్మ చేయువాడు అక్కడ ఏమియు అంటింపడు. సన్నని ఉలితో రంధ్రములు కొట్టును. హారమునకు ఒక తీరు రంధ్రము, చీర అంచునకు మరియొక తీరు. తెర వెనుక ఆముదపు దీపము వెలిగించినతోడనే ఆ రంధ్రములగుండ వెలుతురు దూసికొనివచ్చి, వజ్రములై, కెంపులై మెఱయును. లేమినుండియే నగ పుట్టించు విద్య యిది. ధర్మవరమునకు దాపుననున్న నిమ్మలకుంటలో ఆ పని నేటికిని సాగుచున్నది; ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీతో గౌరవించిరి. తోలుబొమ్మనుండి మనుష్యుని ఒంటిమీదికి వచ్చినపుడు సురభివారికి కిరీటములు, భుజకీర్తులు, జిగినీ, తళుకులు అవసరమైనవి. కాని సూత్రము మారలేదు. వెలుతురును పట్టి ప్రేక్షకుని కంటిలోనికి త్రోయుటకే నగ.

భామ జడ

కూచిపూడి వారి పాత భుజకీర్తులును కిరీటములును తేలిక చెక్కతో చేసి, బంగారు రేకు అద్ది, అద్దపు ముక్కలు పొదిగినవి. వానిలో ఏ నగకును లేని గౌరవము సత్యభామ జడకు కలదు. భామాకలాపములో భామ ప్రవేశమునకు ముందు తెరమీదుగ జడను బయటికి వేయుట ఆచారము. అది అలంకారము మాత్రమే గాక పందెము కూడ. పాండిత్యమున తన్ను ఓడింపగలవాడున్నచో ఈ జడను కోసికొనవచ్చునని సభకు సవాలు. పురుషుని తలకు కట్టిన సవరముమీద సూర్యచంద్రులు, పడగ విప్పిన నాగము, వరుస బిళ్లలు, కుప్పెలు; అన్నిటి వెనుక ఒక మనిషి పూర్తి జీవితపు సాధన. కూచిపూడి నటుడు వేదాంతం సత్యనారాయణశర్మ ఆ జడ వేసినపుడు, ఆడునది పురుషుడన్న మాట ముందు వరుసలోని స్త్రీలే మఱచిపోయిరని పెద్దలు చెప్పుకొనుచుందురు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చినది.

సూది చేసిన మార్పు

దుస్తుల కథ నగల కథకంటె క్రొత్తది. పూర్వము దేవదాసీలు చీరనే పైజామామీద కట్టుకొని, దోపి, బిగించి ఆడెడివారు. 1935 డిసెంబరులో అడయారున రుక్మిణీదేవి అరండేల్ తొలి భరతనాట్య ప్రదర్శన ఇచ్చిన నాటినుండి, ఇటలీకి చెందిన మేడం కజాన్ సాయముతో, గుడి శిల్పముల తీరును చూచి, కత్తిరించి కుట్టిన నాట్యవేషము రూపొందినది. 1947లో మదరాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించునాటికి నాట్యము గుడినుండి సభామందిరమునకు, ఒక కులపు స్త్రీలనుండి మధ్యతరగతి ఇండ్ల బాలికలకు దాటిపోవుచున్నది. చీర కట్టుట రాని పిల్లకు కుట్టిన వేషము వరమైనది. వెంపటి చినసత్యం 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పిన పిదప, కూచిపూడి వేషము కూడ ఆ మార్గమునే పట్టినది.

కుట్టువాని పని చూచిన, గణితమన్న భయపడువాడు చేయగలది కాదనిపించును. ఒక పట్టుచీరలోనే కాళ్లకు రెండు గొట్టములు, ముందు విసనకఱ్ఱవలె విచ్చుకొను కుచ్చిళ్లు, నడుముపట్టీ, పైట, రవిక అన్నియు రావలయును. అంచు ఎక్కడను తలక్రిందులు కారాదు. మోకాళ్లు వంచి అరమండి వేసినపుడు కుచ్చిళ్లు సరిగ విచ్చుకొని, లేచినపుడు తమంత తామే మూసికొనవలయును. ఇందుకు మెత్తని పట్టు పనికిరాదు. నేత గట్టిదై, అంచు వెడల్పై యుండవలయును. మన సీమకు ధర్మవరము చీరలు దగ్గఱలో నుండుట ఈ విషయమున భాగ్యమే. లేపాక్షి నాట్యమండపములో రంభ ఆడుచుండగ బ్రహ్మ మద్దెల వాయించు స్తంభములను, పైకప్పు చిత్రములలోని చీరల అంచులను చూచివచ్చిన వారికి, ఆ నేత ఎక్కడినుండి చూపు నేర్చుకొన్నదో చెప్పనక్కఱలేదు.

ఇంటిలో ఈ వేషము బ్రతుకు వేఱు. ఎదుగు పిల్ల గనుక కుట్టులలో నాలుగు వ్రేళ్ల గుడ్డ లోపలికి మడచి ఉంచమని తల్లి చెప్పును. ఏటేట ఆ మడత విప్పుదురు. అక్కకు బిగుతైనది చెల్లెలికి వచ్చును. పట్టును ఉదుకరాదు, చెమట పట్టిన వేషమును నీడలో ఆరవేసి, తిరగవేసి, నూలుగుడ్డలో చుట్టి దాచుదురు. నాపరాళ్ల క్వారీకో, సిమెంటు కర్మాగారమునకో పోయివచ్చిన తండ్రి, కూతురి వేషమును ముట్టుకొనుటకు ముందు చేతులు కడుగుకొనుట ఎర్రగుంట్లలో వింత గాదు.

> గజ్జెల లెక్క
>
> నందికేశ్వరుని అభినయదర్పణము గజ్జెలు కంచువై, మంచి ధ్వని గలవై, నీలిదారమున ఒక్కొక్కటిగ ముడివేసి కట్టినవై యుండవలయుననియు, నర్తకి కాలికి నూరో ఇన్నూరో కట్టుకొనవలయుననియు చెప్పినది. నేటి పిల్లలు తోలుపట్టీకి కుట్టిన గజ్జెలతో ఆరంభింతురు. సంఖ్య ఏండ్లతోపాటు పెరుగును. నగలన్నిటిలో బరువు ఉండదగినది ఇది యొక్కటే. తొలిసారి కాలికి కట్టుటకు ముందు గజ్జెపూజ చేయుదురు; గజ్జెలను కన్నులకద్దుకొని గాని ధరింపరు.

గ్రాముకింత కూలి

ఇంత బంగారపు పనివారు ప్రొద్దుటూరిలో నుండగా, నాట్యపు నగల మంచి జతకొఱకు మన నాట్యాచార్యులు చెన్నపట్టణమునకో, కన్యాకుమారి జిల్లా నాగర్‌కోయిలునకో పోవలసివచ్చుట ఏమని చాలకాలము నాకు సందేహము. నాగర్‌కోయిలు వడశేరి వీథులలో వెండిరేకును మలచి, లోపల లక్క నింపి, కెంపురాళ్లు పొదిగి, మీద బంగారు రేకు అద్దు విద్య తరతరములుగ నున్నది. దేవాలయపు నగలుగ వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మన కంసాలులకు ఆ చేతివాటము లేదనుట అబద్ధము. ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరాకు వాసవీ కన్యకాపరమేశ్వరికి జరుగు అలంకారములను చూచినవాడెవ్వడును ఆ మాట అనడు.

కారణము చేతిలో లేదు, త్రాసులో ఉన్నది. బంగారపు పనిలో తరుగు, కూలి రెండును బరువునుబట్టియే లెక్క. నగ ఎంత బరువైన పనివానికి అంత ప్రాప్తి. నాట్యపు నగలో ఎంత బరువు తగ్గించిన అంత మేలు; పైగా బరువు తగ్గించుటయే ఎక్కువ శ్రమ. రేకు పలుచనైనకొలది సుత్తి దెబ్బ తూచి వేయవలయును, వెనుక వలయములను ఊడకుండ అతుకవలయును. మూడు దినములు కష్టపడి తేలికైన వంకీ చేసిన కంసాలి, "ఇదెన్ని గ్రాములని కూలి అడగాలప్పా?" అన్నచో మన దగ్గఱ జవాబు లేదు. వడశేరిలో కూలి నగకింత, రాయికింత అని నడచినది గనుక ఆ విద్య నిలిచినదని నా యూహ. కూలి కట్టు పద్ధతి మార్చినచో, ధరలు పెరిగి గిరాకి తగ్గి చేతులు కట్టుకొని కూర్చున్న మన పనివారిలో కొందఱైనను ఈ పని నెత్తికెత్తుకొందురేమో. వ్యాపారులు దీనిని ఆలోచింపదగును. పనివారి సంఘములు అంతకంటెను ముందుగ.

మాఘమాసపు పోటీ

దేవుని మెడనుండి నర్తకి మెడకు, అచ్చటినుండి సినిమా తెరకు ప్రాకిన ఈ ఎఱ్ఱరాళ్ల నగ ఇప్పుడు పెండ్లిపందిటికి వచ్చి చేరినది. బంగారము కొనలేని ఇండ్లు కొన్ని. కొనగలిగినను ఒంటిమీద వేసికొని పదిమందిలో కూర్చుండుటకు జంకు ఇండ్లు కొన్ని. పుస్తెలతాడు మాత్రము మేలిమిదై, తక్కినదంతయు వన్ గ్రామ్ గోల్డ్ గానో, అద్దెకు తెచ్చిన కెంపుల జత గానో గడచిపోవుచున్నది. పాపిడిబిళ్లకు సూర్యచంద్రులను కూర్చి, జడకు నాగరము పెట్టి, వంకీ తొడిగి పీటలమీదికి వచ్చిన పెండ్లికూతురిని చూచి, గజ్జెలొక్కటే తక్కువని ఒక ముసలమ్మ అన్నమాట నేను విన్నాను. ఆమె ఎత్తిపొడుపుగ అన్నదో మెచ్చుకోలుగ అన్నదో ఆమె కోడలికి కూడ తెలియలేదు.

దీనివలన అద్దె అంగళ్లవారికి లాభమే. ఇబ్బంది నాట్యము నేర్పువారికి. పెండ్లి ముహూర్తములకు మాఘ ఫాల్గుణములు పెట్టినది పేరు. పాఠశాలల వార్షికోత్సవములు సరిగ ఆ నెలలలోనే వచ్చును. పెండ్లివారు మూడు దినములకు తీసికొని అడిగినంత ఇత్తురు. పాఠశాలవారు ఒక సాయంకాలమునకు బేరమాడుదురు. అంగడివాడు ఎవరివైపు మొగ్గునో వేఱుగ చెప్పనేల? అందుచేత ఎఱుక గల నాట్యాచార్యులు కార్తికములోనే బయానా ఇచ్చి, పెట్టెలమీద పేర్లు వ్రాయించుకొనుచున్నారు. ఆలస్యము చేసినవారికి పెండ్లివారు వలదన్న పెట్టె దక్కును: అందులో వడ్డాణముండును, నాగరముండును, సూర్యుడుండును, చంద్రుడు మాత్రము వేఱొక జతనుండి వచ్చినవాడు.